గేటు తీసి ఉంటే పార్కు నడుస్తున్నట్టేనా?

పోయిన నెల మా ఊరి లైబ్రరీలో ఒక రిటైర్డ్ పార్క్ రేంజరు మాట్లాడారు. డెబ్బై దాటిన మనిషి. ఉద్యోగంలో ఎక్కువ కాలం అరిజోనాలోని పెద్ద లోయ, గ్రాండ్ క్యానియన్ నేషనల్ పార్కులో పనిచేశారు. ఫొటోలు చూపించడం అయ్యాక వెనక వరసలోంచి ఎవరో అడిగారు: "2025 షట్‌డౌన్ 43 రోజులూ చాలా పార్కులు తెరిచే ఉంచారు కదా, అందుకైనా ప్రభుత్వాన్ని మెచ్చుకోవద్దా?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "గేటు ఎత్తి వదిలేయడం ఎవరైనా చేస్తారు. నా పనంతా గేటు దాటాక ఉండేది" అన్నారు. షట్‌డౌన్ అంటే, అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ బడ్జెట్‌ను వేళకు ఆమోదించక ప్రభుత్వ పనులు ఆగిపోయి, ఉద్యోగులు చాలామంది జీతం లేకుండా ఇంటికి వెళ్ళడం.

హాల్లో సగం మంది తలూపారు. మిగతా సగానికి నచ్చలేదు. నచ్చనివాళ్ళలో మా బావ ఒకడు. ఇల్లు చేరేదాకా కారులో వాదిస్తూనే వచ్చాడు, ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పుకోవడం కంటే నా మాట ఒకచోట పూర్తిగా రాయడం మంచిదనిపించింది.

నేననేది ఇది. చూసుకునే మనుషులు లేనప్పుడు నేషనల్ పార్కును మూసేయాలి. మొత్తం పార్కును కాకపోతే, మనుషులు లేని భాగాన్నైనా మూయాలి. మనుషుల్ని తీసేసి గేటు మాత్రం తెరిచి ఉంచడం జనానికి చేసే మేలు కాదు. ఈ మాట ఎంత కటువుగా వినిపిస్తుందో నాకు తెలుసు. మూసిన గేటు ముందు అమ్మానాన్నలతో నిలబడ్డవాణ్ణి నేను.

మూసిన అక్టోబరు, తెరిచిన జనవరి

2013లో అమ్మానాన్న మొదటిసారి అమెరికా వచ్చారు. ఇంకో ప్రయాణం చేసే ఓపిక నాన్నకు ఉండదని అందరికీ తెలుసు. ఆయనకు భూగర్భ శాస్త్రం పిచ్చి. గ్రాండ్ క్యానియన్ రాతి పొరల పేర్లు, వాటి వయసులు వచ్చేముందే నోటికి నేర్చుకున్నారు. అక్టోబరు మొదటి వారంలో హోటల్ బుక్ చేశాను. ఒకటో తేదీన షట్‌డౌన్ మొదలైంది. ఏదో ఒక దారి తెరిచి ఉండకపోతుందా అని బయలుదేరి వెళ్ళాం. రోడ్డుకు అడ్డంగా బారికేడ్, దానికి ప్లాస్టిక్ కవర్లో పెట్టి కట్టిన కాగితం, పక్కన జీపులో ఒక రేంజరు. "ఇంత పెద్ద దేశంలో గేటు తీసే మనిషి ఒక్కడు లేడట్రా?" అన్నారు నాన్న. జవాబు చెప్పలేకపోయాను. కారు వెనక్కి తిప్పాక చాలాసేపు ఎవరం మాట్లాడుకోలేదు. కాబట్టి మూసివేత ఎవరికీ బాధ కాదని నేననను.

ఆ షట్‌డౌన్ 16 రోజులు సాగింది. ఆ అక్టోబరులో 78.8 లక్షల సందర్శనలు తగ్గాయనీ, పార్కుల చుట్టుపక్కల ఊళ్ళకు 41.4 కోట్ల డాలర్ల ఆదాయం పోయిందనీ తర్వాత పార్కుల్ని నడిపే నేషనల్ పార్క్ సర్వీసే లెక్క తేల్చింది. మధ్యలో తట్టుకోలేక యూటా రాష్ట్రం తన ఖజానాలోంచి 16.7 లక్షల డాలర్లు కట్టి తన పార్కుల్ని తెరిపించుకుంది. జనం తిట్టారు, టీవీలు తిట్టాయి, కాంగ్రెస్ సభ్యులైతే తామేదో పక్కింటివాళ్ళన్నట్టు పార్కు సిబ్బందినే నిలదీశారు.

ఆ తిట్లు వాషింగ్టన్‌లో బాగా గుర్తుండిపోయినట్టున్నాయి. 2018 డిసెంబరులో మళ్ళీ షట్‌డౌన్ వచ్చినప్పుడు దారి మార్చారు. సిబ్బందిని ఇంటికి పంపి, గేట్లు మాత్రం తెరిచి ఉంచారు. 35 రోజులు. కాలిఫోర్నియా ఎడారిలోని జాషువా ట్రీ పార్కులో ఏం జరిగిందో చాలామంది ఫొటోల్లో చూసే ఉంటారు. మరుగుదొడ్లు పొంగాయి. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు సొంత డబ్బుతో టాయిలెట్ పేపరు కొని తెచ్చి, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని కడిగారు. చెత్త తియ్యవచ్చు, దొడ్లు కడగవచ్చు. రోడ్డు వదిలి ఎడారిలోకి కార్లు తోలినవాళ్ళు చేసింది మాత్రం కడిగితే పోయేది కాదు. అక్కడి చెట్లు ఏడాదికి ఒకటి రెండు అంగుళాలు పెరిగితే గొప్ప. చెట్టు కాకపోయినా, ఆ ఇసుక మీద నల్లగా గరుగ్గా కనిపించే పొర ఉంటుంది. సయనోబాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి ఇసుక రేణువుల్ని పట్టి ఉంచే సజీవమైన పొర అది. వాన నీటిని ఆపేది, గాలికి నేల లేచిపోకుండా చూసేది అదే. ఒక్క టైరు దాని మీదుగా పోతే మళ్ళీ కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ పార్కుకు ఒకప్పుడు సూపరింటెండెంట్‌గా, అంటే అధిపతిగా చేసినాయన ఒకరు అప్పట్లో, జరిగిన నష్టం పూడడానికి రెండు మూడు వందల ఏళ్ళు పడుతుందన్నారు.

చివరికి ప్రవేశ రుసుముల నిధిని తీసి చెత్త ఎత్తించడం మొదలుపెట్టారు. అలా వాడటం చట్టవిరుద్ధమని 2019లో ప్రభుత్వ ఖర్చులు తనిఖీచేసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ తేల్చింది. అప్పటికి ఆ వార్త చదివేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, 2013లో నష్టపోయింది మనుషులు. మా నాన్నతో సహా. ఆ నష్టాన్ని అందరూ చూశారు, లెక్కకట్టారు, ఎవరిమీద కోపగించుకోవాలో వాళ్ళమీద కోపగించుకున్నారు. 2019 జనవరిలో నష్టపోయింది నేల. దానికి లెక్క లేదు, తిట్టేవాళ్ళూ లేరు. సెలవులకు వెళ్ళినవాళ్ళు వెళ్ళొచ్చారు.

"రాత్రి భోజనం ఎక్కడ?"

సభ అయ్యాక ఆ రేంజరుతో కాఫీ దగ్గర ఓ గంట కూర్చున్నాను. వేసవిలో ఆయన పని లోయలోకి దిగే కాలిబాట బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ పై భాగంలో నిలబడి, దిగబోయేవాళ్ళతో మాట కలపడం. 1996 వేసవిలో ఎండదెబ్బకు చావులు, మనుషుల్ని వెళ్ళి కాపాడాల్సిన సందర్భాలు మితిమీరాక, ఆ మరుసటి ఏడాది నుంచి గ్రాండ్ క్యానియన్‌లో ప్రివెంటివ్ సెర్చ్ అండ్ రెస్క్యూ అని ఒక ఏర్పాటు మొదలైంది. మనిషి పడిపోయాక హెలికాప్టర్ పంపడం కాకుండా, పడిపోబోయే మనిషిని ముందే గుర్తుపట్టడం దాని ఉద్దేశం.

కొండ ఎక్కేటప్పుడు ముందు అలసట వస్తుంది, తర్వాత దిగుతాం. లోయలో అది తలకిందులు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు హాయిగా దిగుతారు. నది దాకా దిగితే నాలుగు వేల అడుగులకు పైమాటే. ఎక్కాల్సి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం, అడుగున నీడలోనే 110 డిగ్రీల ఫారన్‌హీట్. "దిగడం మీ ఇష్టం, ఎక్కడం తప్పదు" అన్న అర్థంలో బోర్డులు ఉన్నా, బోర్డు చదివి వెనక్కి తిరిగినవాణ్ణి తాను చూడలేదన్నారు.

"మరి మీరేం చెప్పేవారు?" అన్నాను.

"ఎక్కడిదాకా వెళ్తున్నారని అడిగితే అందరూ 'కొంచెం దూరమే' అంటారు. అందుకని రాత్రి భోజనం ఎక్కడ చేస్తున్నారని అడిగేవాణ్ణి. ఏడింటికి ఫలానా చోట టేబుల్ బుక్ చేశామంటే, ఎంత దూరం దిగబోతున్నారో, తిరుగు ప్రయాణానికి ఎంత టైము అనుకుంటున్నారో నాకు తెలిసిపోయేది."

ఆ మాట్లాడే అర నిమిషంలో చూపు చెప్పుల మీదికి, చేతిలో సీసా మీదికి, పిల్లల పెదవుల మీదికి పోయేది. తన దేశం వాళ్ళకు ఒకలా, బయటివాళ్ళకు ఒకలా చెప్పాల్సి వచ్చేదని కూడా అన్నారు. నేను తెలుగువాణ్ణని తెలిశాక నవ్వి, "మీ పెద్దవాళ్ళకు మీరు నడవలేరండీ అని చెప్పకూడదు. నొచ్చుకుంటారు, పంతానికి ఇంకో మైలు దిగుతారు. మనవడికి ఈ నీళ్ళు చాలవండీ అంటే మాత్రం ఆ క్షణమే వెనక్కి తిరుగుతారు" అన్నారు. నాకు మా నాన్నే కనిపించారు. అచ్చం అంతే చేసి ఉండేవారు.

ఆయన వెనక్కి పంపినవాళ్ళు ఏ రిజిస్టరులోనూ ఉండరు. జరిగిన ప్రమాదానికి ఫైలు ఉంటుంది, హెలికాప్టర్ ఖర్చుకు బిల్లు ఉంటుంది. జరగని ప్రమాదానికి కాగితం పుట్టదు. బడ్జెట్ తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు పోయేది ఇలాంటి పనే. పోయిన మర్నాడు పార్కు మామూలుగానే కనిపిస్తుంది. ట్రెయిల్ అక్కడే ఉంటుంది, సూర్యోదయం ఎర్రగానే ఉంటుంది.

కనిపించని పనుల్లో ఇది ఒకటి మాత్రమే. గ్రాండ్ క్యానియన్ దక్షిణపు అంచు, సౌత్ రిమ్‌లో మనం తాగే నీళ్ళు లోయకు అవతలి పక్కనున్న రోరింగ్ స్ప్రింగ్స్ నుంచి పన్నెండున్నర మైళ్ళ పైపులో వస్తాయి. 1960ల్లో వేసిన పైపు. 2010 తర్వాతే 85 సార్లకు పైగా పగిలింది. పగిలినప్పుడల్లా ఎవరో లోయలోకి దిగి అతుకు వేయాలి. 2024 ఆగస్టులో వరసగా నాలుగుచోట్ల పగిలి, లేబర్ డే సెలవుల ముందు సౌత్ రిమ్ హోటళ్ళలో రాత్రి బస ఆపేయాల్సి వచ్చింది. అప్పటిదాకా ఆ పైపు సంగతి తెలిసిన సందర్శకులు ఎంతమంది? 2025 ఫిబ్రవరిలో ప్రొబేషన్‌లో ఉన్న దాదాపు వెయ్యి మంది పార్కు ఉద్యోగుల్ని ఒక్కసారిగా తీసేసినప్పుడు, యోసెమిటీలో పోయినవాళ్ళలో ఆ పార్కు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క తాళాల మనిషి కూడా ఉన్నాడు. అంత పెద్ద పార్కులో ఏ గదికి ఏ తాళమో, ఏ గేటు ఎందుకు బిగుసుకుంటుందో తెలిసిన మనిషి. కోర్టు ఆదేశాలతో తర్వాత చాలామందిని వెనక్కి తీసుకున్నారు. ఈలోగా ఎందరో తామే రాజీనామా చేసి, ముందే రిటైరై వెళ్ళిపోయారు. ఆ ఏడాది జులై నాటికి శాశ్వత సిబ్బందిలో 24 శాతం తగ్గారని పార్కుల రక్షణ కోసం పనిచేసే ప్రభుత్వేతర సంస్థ నేషనల్ పార్క్స్ కన్జర్వేషన్ అసోసియేషన్ లెక్క.

ఇదంతా జరుగుతుండగా, 2025 ఏప్రిల్‌లో పార్క్ సర్వీసుకు పైనున్న ఇంటీరియర్ శాఖ మంత్రి ఒక ఉత్తర్వు జారీచేశారు. పార్కులు తెరిచే ఉండాలి. ఎక్కడైనా మూయాలన్నా, వేళలు కుదించాలన్నా పైవాళ్ళ పరిశీలనకు పంపాలి. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇదే. వంటవాళ్ళను పంపేసి, విస్తళ్ళు మాత్రం వేసి జనాన్ని పంక్తిలో కూర్చోబెట్టమన్నట్టుంది. వడ్డించలేకపోయిన అపవాదు మాత్రం వంటింట్లో మిగిలిన ఏ ఇద్దరి మీదికో వస్తుంది.

బావ మాటల్లోనూ పస ఉంది

మా బావ మొండివాడే కానీ తెలివితక్కువవాడు కాదు. వాడి మొదటి మాట: "ఇది జనం సొత్తు. నా పన్నుతో నడిచే చోటుకు నన్ను రావద్దనడానికి వీళ్ళెవరు? బాధ్యత తెలిసినవాడికి కాపలా దేనికి?"

2024లో పార్కులకు వచ్చిన సందర్శనలు 33.19 కోట్లు. చరిత్రలో అంతకు ముందెప్పుడూ అంతమంది రాలేదు. అందులో నూటికి తొంభై తొమ్మిది మంది బావ లాంటి బుద్ధిమంతులే అనుకుందాం. మిగిలిన ఒక్క శాతమే ముప్ఫై లక్షలు దాటుతుంది. యెల్లోస్టోన్ పార్కులో మార్నింగ్ గ్లోరీ పూల్ అని ఒక వేడినీటి గుంట ఉంది. ఒకప్పుడు లోతైన నీలం. జనం నాణేలు, రాళ్ళు, చెత్త వేసి వేసి అడుగున వేడినీటి దారులు పూడుకుపోయి, నీటి వేడి తగ్గి, అంచుల్లోంచి పసుపూ నారింజా లోపలికి పాకాయి. నాణెం వేసినవాళ్ళలో ఎవరూ దుర్మార్గులు కారు. ఒక్కొక్కరు ఒక్కొక్కటే వేశారు. పార్కుకు జరిగే నష్టం చాలావరకు ఇలాంటిదే. మంచివాళ్ళే, ఒక్కసారే, తెలియకే చేస్తారు. తెలియజెప్పే మనిషి అక్కడ లేకపోతే నా వంతు నాణెం నేనూ వేసి ఉండేవాణ్ణేమో, ఎవరు చూడొచ్చారు.

వాడి రెండో మాటకు నా దగ్గర అంత తేలిక జవాబు లేదు. యూటాలో ఒక పార్కు గుమ్మంలాంటి ఊళ్ళో మేమెప్పుడూ దిగే మోటెల్ ఉంది. గుజరాతీ దంపతులది. వాళ్ళతో ఓసారి ఈ సంగతే ఎత్తాను. ఆయన లెడ్జరు తిప్పుతూనే, "నీకు ఒకటో తారీఖున జీతం పడుతుంది, మూసేయమని చెప్పడం సులువు. అక్టోబరులో నాకు రెండు వారాలు పోతే చలికాలమంతా పోయినట్టే" అన్నారు. లోపల గదిలో దుప్పట్లు మడతపెడుతున్న నవాహో తెగ అమ్మాయిని చూపించి, "నాకైనా బ్యాంకు అప్పిస్తుంది, ఈమెకెవరిస్తారు?" అన్నారు.

నిజమే. మూస్తే దెబ్బ తగిలేది కాంగ్రెస్‌కు కాదు, ఆ అమ్మాయికి. ఇది నన్ను చాలా రోజులు పట్టుకుంది. కానీ ఆలోచించిన కొద్దీ, ఆ అమ్మాయి జీతం కూడా ఆ పార్కు బాగుండటం మీదే ఉంది కదా అనిపిస్తుంది. గ్రాండ్ క్యానియన్ పైపు విషయమే చూడండి. ఏళ్ళ తరబడి మార్చకుండా అతుకులతో నెట్టుకొచ్చి, చివరికి సరిగ్గా సెలవుల ముందు హోటళ్ళు ఆపేయాల్సి వచ్చింది. తెరిచి ఉంచడమే పరమార్థమని నడిపినా మూసివేత తప్పలేదు. మనం ఎంచుకున్న రోజున కాకుండా పైపు ఎంచుకున్న రోజున వచ్చింది. షట్‌డౌన్‌లో పనిపోయిన పార్కు ఉద్యోగులకు వెనక జీతం ఇచ్చే చట్టం 2019 నుంచి ఉంది. గుమ్మంలోని ఊళ్ళకు అలాంటి ఆసరా ఏదీ లేదు. ఆ లోటుకు పరిహారం అడగాలి. అడగకుండా, దాని బదులు పార్కును కాపలా లేకుండా వదిలేద్దామంటే నేనొప్పుకోను.

మూడో మాట బావ విసురుగా అన్నాడు: "మూయడమంతా నాటకం. జనానికి నొప్పి పుట్టించి బడ్జెట్ రాబట్టుకోవడానికి." ఈ అనుమానం పాతదే. వాషింగ్టన్ మాన్యుమెంట్ సిండ్రోమ్ అని దీనికి పేరు కూడా ఉంది. 2013లో వాషింగ్టన్‌లోని రెండో ప్రపంచయుద్ధ స్మారకం చుట్టూ బారికేడ్లు పెట్టారు. ఆరుబయట రాతి కట్టడం, తలుపులే లేవు. చక్రాల కుర్చీల్లో వచ్చిన ముసలి సైనికులు ఆ బారికేడ్లు దాటుకుని లోపలికి వెళ్ళిన దృశ్యం దేశమంతా చూసింది. అక్కడ బావదే గెలుపు. తొంభై ఏళ్ళ మనిషి రాతి స్తంభాన్ని చూసి వెళ్తే స్తంభానికి ఏం తరుగు? మూయడానికి కారణం ఆ చోటులోనే కనిపించాలి. ఇసుక మీది ఆ నల్లటి పొరకు కారణం ఉంది, ఆ స్మారకానికి లేదు.

కారణం కనిపిస్తే జనం ఒప్పుకుంటారనడానికి యోసెమిటీ, జయాన్ కొండలే సాక్ష్యం. ఏటా వసంతంలో పెరిగ్రిన్ డేగలు గుడ్లు పెట్టే వేళకు కొన్ని కొండచరియల్ని ఎక్కేవాళ్ళకు మూసేస్తారు. జీవశాస్త్రవేత్తలు దూరదర్శినులతో గూళ్ళు చూసి, పక్షులు లేని చరియల్ని ముందే తెరుస్తారు, పిల్లలు ఎగిరిపోయాక మిగతావి తెరుస్తారు. కొండలెక్కేవాళ్ళ కంటే స్వేచ్ఛ కోసం పట్టుబట్టేవాళ్ళు ఉండరు. వాళ్ళే ఈ మూసివేతల్ని ఒకరికొకరు చెప్పుకుని పాటిస్తారు. డేగలు కోలుకున్నాయి కూడా. 1999లో అంతరించిపోయే జీవుల జాబితాలోంచి వాటిని తీసేశారు. ఇది నాటకమని ఎవరూ అనరు. అయితే ఇక్కడ మూసింది గేటు ఒక్కటే కాదు, దాని వెనక గూళ్ళు లెక్కపెట్టే మనుషులున్నారు. ఆ మనుషుల్ని తీసేస్తే ఏ చరియ ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో చెప్పేవాళ్ళు ఉండరు. మూయడం సరిగ్గా జరగాలన్నా మనుషులు కావాలి.

మూసే అధికారం ఎవరి చేతిలో?

కాగితం మీద ఈ అధికారం ఎప్పటినుంచో ఉంది. ఫెడరల్ నిబంధనల్లో 36 సీఎఫ్‌ఆర్ 1.5 కింద, భద్రత కోసమో వనరుల రక్షణ కోసమో పార్కులో ఏ భాగాన్నైనా మూసే అధికారం సూపరింటెండెంటుది. 1916 చట్టం పార్క్ సర్వీసుకు రెండు పనులు అప్పగించింది: ఈ చోట్లను జనం ఆనందించేలా చూడటం, తర్వాతి తరాలకు చెక్కుచెదరకుండా అందించడం. రెండింటికీ పొత్తు కుదరనప్పుడు రక్షణే ముందు అని 2006 నాటి సర్వీసు విధానాల్లో స్పష్టంగా రాసి ఉంది. మూయాలన్నప్పుడల్లా పైకి రాసి జవాబు కోసం చూడాల్సి వచ్చే సూపరింటెండెంటుకు ఆ వాక్యం ఎంత ధైర్యమిస్తుంది?

ఇక్కడ ఆ రేంజరే నన్ను ఆపారు. మూసే హక్కు గురించి అంత నిబ్బరంగా మాట్లాడకండి అన్నారు. ఆయన నిలబడే బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ మీదే నాలుగున్నర మైళ్ళు దిగితే ఒక పచ్చటి చోటు వస్తుంది. హవసుపాయి అనే అక్కడి ఆదివాసీ తెగవాళ్ళు తరతరాలుగా అక్కడ పంటలు పండించుకున్నారు. పార్కు వచ్చాక వాళ్ళని ఒత్తిడిచేసి పంపేశారు, ఆఖరి మనిషి 1928లో వెళ్ళిపోయాడు. ఆ చోటును ఇండియన్ గార్డెన్ అని పిలుస్తూ వచ్చి, ఆ తెగ అడగ్గా అడగ్గా 2022లో హవసుపాయి గార్డెన్స్ అని మార్చారు. "రక్షణ పేరుతో మేము మొదట మూసింది వాళ్ళ మొహం మీదే" అన్నారాయన. నా వాదనలో ఇది పంటి కింద రాయిలా ఇప్పటికీ ఉంది. మూసే అధికారం ఒక్క ఆఫీసరు చేతిలో ఉంటే చాలదు, ఆ నేలతో సంబంధం ఉన్న తెగల్ని కూర్చోబెట్టుకుని నిర్ణయించాలి అన్నంతవరకు నేను రాగలిగాను. అంతకంటే ముందుకు వెళ్ళాలంటే నాకంటే తెలిసినవాళ్ళు మాట్లాడాలి.

ఆయన ఇంకో మాట కూడా అన్నారు. మూసిన గేటు చట్టానికి లోబడేవాళ్ళనే ఆపుతుందట. శిలాజాలు తవ్వుకుపోయేవాడు, కొమ్ముల కోసం వేటాడేవాడు గేటు మూసి ఉందని ఇంట్లో కూర్చోడు, సందర్శకుల కళ్ళు కూడా లేకపోతే వాడికి ఇంకా వెసులుబాటు. ఇది ఒప్పుకోవాల్సిన మాటే. అందుకే మూసినప్పుడు కూడా గస్తీకి జీతాలు ఆగకూడదు. నిజానికి షట్‌డౌన్లలో రక్షణ సిబ్బందిని ఉంచుతారు. కాకపోతే, 2025 షట్‌డౌన్‌లో పార్క్ సర్వీసు ఉద్యోగులు పద్నాలుగున్నర వేల మందిలో తొమ్మిది వేల పైచిలుకు ఇంటికి వెళ్తే, మిగిలినవాళ్ళే తెరిచిన పార్కులో జనాన్నీ చూసుకోవాలి, దొంగల్నీ చూసుకోవాలి. మూసి ఉంటే కనీసం ఒక్క పనే చేస్తారు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. పేరుకుపోయిన మరమ్మతుల విలువ దాదాపు 2,300 కోట్ల డాలర్లు. 2020లో వచ్చిన గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ చట్టం ఐదేళ్ళపాటు రోడ్లకు, పైపులకు పెద్ద మొత్తాలే ఇచ్చింది. కట్టడానికి డబ్బు దొరుకుతుంది, రిబ్బను కత్తిరించవచ్చు. ట్రెయిల్ మొదట్లో నిలబడి భోజనం ఎక్కడ అని అడిగే మనిషి జీతానికి రిబ్బను ఉండదు. 2026 నుంచి గ్రాండ్ క్యానియన్, యోసెమిటీ, యెల్లోస్టోన్‌తో సహా 11 పార్కుల్లో, వార్షిక పాస్ లేని విదేశీ సందర్శకులు తలకు 100 డాలర్లు అదనంగా కట్టాలి. ఇప్పుడు ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినవాళ్ళందరికీ ఇది చేతికి తగిలే ఖర్చు. ఆ డబ్బు ఆ ట్రెయిల్ మీద ఒక మనిషిగా మారుతుందంటే నేను గొణక్కుండా కడతాను. మారుతుందో లేదో చూడాలి.

ఈ వారం మా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఒక ఉత్తరం రాశాను. రెండు అడిగాను. పార్కును గానీ అందులో ఒక భాగాన్ని గానీ మూసే నిర్ణయం తిరిగి సూపరింటెండెంటుకే వదలాలి, కారణాన్ని అదే రోజు జనానికి రాతలో చెప్పాలన్న షరతుతో. షట్‌డౌన్ వల్ల పార్కు మూతపడిన ప్రతి రోజుకూ గుమ్మంలోని ఊళ్ళలో పనిపోయినవాళ్ళకు పరిహారం చట్టంలోనే ఉండాలి, ఎవరి దయ మీదా కాకుండా. పంపేముందు రేంజరుగారికి చూపించాను. మొదటిదానికి ఆయన ఒప్పుకున్నారు, తెగల మాట కూడా చేర్చమన్నారు, చేర్చాను. రెండోది కాంగ్రెస్‌లో ఎప్పటికీ గట్టెక్కదని ఆయన నమ్మకం. బావకు పంపితే, రెండోది మాత్రమే ఉంటే సంతకం పెడతానన్నాడు. ఉత్తరం రెండింటితోనే వెళ్ళింది.